తీసేసిన నంబరు

నాకు అనుమానం ఎక్కువ. ఇది చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. జడ్చర్ల బస్టాండులో ఎవరైనా ఈ బస్సు మహబూబ్‌నగర్ పోతుందని చెబితే, బోర్డు చదివి, కండక్టరును అడిగి, అప్పుడు ఎక్కుతాను. సర్కారు బళ్లలో తెలుగు చెప్పినన్నాళ్లూ "నోట్సు ఇంట్ల మర్శిపోయిన టీచర్" అన్న మాటను ఒక్కనాడూ నమ్మలేదు. ఈ గుణం వల్ల నాకెప్పుడూ నష్టం జరగలేదు. జరిగితే గిరిగితే వేరేవాళ్లకు జరిగింది. ఒకసారి బడి గ్రూపులోంచి ఒక నంబరును తీసేశాను. దాని వల్ల ఏడో తరగతి చదివే ఒక పిల్ల పుస్తకాలు వదిలిపెట్టి, పూనాలో తల్లి ఇటుకలు మోసే చోటికి పోయేంత పని అయింది. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను.

మా బడి జడ్చర్ల నుంచి షేర్ ఆటోలో అరగంట. దసరా దాటిందంటే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మేస్త్రీ వచ్చి గుంపును కట్టుకుని బొంబాయికో పూనాకో తీసుకుపోతాడు. పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. బళ్లో హాజరు వేసేటప్పుడు మేం తండ్రి పేరు, తల్లి పేరు రాస్తాం గానీ, మీటింగుకు వచ్చేది అవ్వలే. ఆ అవ్వలకు చదువు రాదు, చాలామందికి ఫోను కూడా లేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో బడికీ ఊరికీ మధ్య కబుర్లు చీటీల మీద నడిచేవి. చిత్తుకాగితాల వెనక నేను రాసేదాన్ని, పిల్లలు పట్టుకుపోయేవాళ్లు. సగం చీటీలు దారిలోనే పడవలయ్యేవి. మరీ ముఖ్యమైన కబురైతే పంచాయతీ ఆఫీసులో పన్నులు వసూలు చేసే కారోబారు మైకు పట్టుకుని చదివేవాడు. ఆయన చదివితే బడి సెలవు కూడా నల్లా బిల్లు కట్టమన్నట్టే వినిపించేది. అయినా ఆ పద్ధతి నాకు నచ్చేది. ఎవరు చెబుతున్నారో, ఎవరు వింటున్నారో తెలిసేది.

తర్వాత మా పెద్దసారు, అంటే హెడ్‌మాస్టరు, ఏదో మీటింగుకు పోయి వచ్చి బడికి ఫేస్‌బుక్ పేజీ పెట్టమన్నారు. పెట్టాం. జెండా వందనం ఫొటో కింద దుబాయి నుంచి ఎవరో మగమనిషి బాగుందని రాశాడు. ఎవరతను, మా బడితో అతనికేం పని అని మూడు రోజులు ఆరా తీశాను. చివరికి తేలిందేమిటంటే, అతను మా బళ్లో చదువుకున్నవాడే. నేనే అతనికి పద్యాలు అప్పజెప్పించానట. దానికీ నేను పెద్దగా తగ్గలేదు. ఇప్పుడు మన పిల్లవాడే కావచ్చు, రేపు వచ్చేవాడెవడో ఎవరికి తెలుసు అన్నాను.

పేజీ మూలపడ్డాక వాట్సాప్ గ్రూపు వచ్చింది. దాన్ని మొదలుపెట్టింది మా లెక్కల సారు. ఆయనకు కొత్తది ఏదొచ్చినా పండగే. కరోనా వచ్చిన ఏడాది పాఠాలన్నీ ఫోన్లలోకి వచ్చేసరికి ఎవరు ఏ నంబరు తెచ్చిచ్చినా గ్రూపులో వేసేశాడు. ఈ నంబర్లు ఇచ్చే పద్ధతి కూడా చెప్పాలి. మా ఊరివాళ్లు నంబర్లు పుస్తకాల్లో రాసుకోరు. తలుపు పక్కన గోడమీద బొగ్గుతో రాయించుకుంటారు. అవసరం పడితే పక్కింటివాళ్లను పిలిచి, ఆ నంబరు చూపించి, కలపమంటారు. పండగకు గోడకు సున్నం వేసినా ఆ అంకెల చుట్టూ వదిలేసి వేస్తారు. బడికి నంబరు కావాలంటే పిల్లలు ఇంటికి పోయి గోడ చూసి రాసుకొస్తారు. అది తండ్రిదో, మామదో, మేస్త్రీదో ఎవరూ అడగరు. లెక్కల సారు అసలే అడగడు.

ఆయనకు బదిలీ అయ్యాక పెద్దసారు ఆ గ్రూపును నా నెత్తిన పెట్టారు. "మీకైతే జాగ్రత్త ఎక్కువ మేడం" అన్నారు. ఆ మాట పొగడ్తో వెక్కిరింతో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ రోజు నుంచి ఫోనుతో నా కొట్లాట మొదలైంది. ఇవాళ ఉన్న బొమ్మ రేపు ఉండదు. పైన ఉన్న గుర్తు కిందికి పోతుంది. ఒకరోజు గ్రూపులో పాత కబుర్లన్నీ మాయమయ్యాయి. ఎవరో నా ఫోను ముట్టుకున్నారని స్టాఫ్‌రూములో అందరినీ నిలదీశాను. వారం దాటితే వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు కొత్తగా వచ్చిందనీ, దాన్ని నొక్కింది నేనేననీ తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఏం మారితే అది ఒక నోటుబుక్కులో రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, దేవుళ్ల బొమ్మలు వచ్చి మీదపడుతుంటే, టీచర్లు తప్ప ఎవరూ రాయకుండా కట్టడి చేయవచ్చని తెలిసి, ఆ పూటే కట్టడి చేశాను. గ్రూపు ప్రశాంతంగా అయింది. అవతల ఎవరున్నారో తెలిసే ఒక్క దారి కూడా దాంతో మూసుకుపోయిందని అప్పుడు తట్టలేదు.

అదే రోజుల్లో రోజూ ప్రార్థన ఫొటో పెట్టాలని పైనుంచి చెప్పారు. తరగతివారీగా పిల్లలను నిలబెట్టి తీసి పెట్టేదాన్ని. పెట్టిన ఫొటో మీద కాసేపు వేలు నొక్కి పట్టుకుంటే ఎవరెవరు చూశారో, ఎన్ని గంటలకు చూశారో కనిపిస్తుందని ఒకరోజు కనిపెట్టాను. నాలాంటి దాని చేతికి అలాంటిది దొరకకూడదు. స్టాఫ్‌రూములో కూర్చుని రోజూ ఆ వరసంతా చదివేదాన్ని. సర్పంచి ఇంటివాళ్లు చూడరు. పిల్ల మార్కుల కోసం నన్ను రోడ్డుమీద ఆపి మాట్లాడే కిరాణా షాపాయన వారానికోసారి చూస్తాడు. కన్నతండ్రులే చూడని ఫొటోలను రోజూ తప్పకుండా చూసే నంబరు మాత్రం ఒకటుంది. పొద్దున పెట్టిన ఫొటోను అది మధ్యాహ్నం ఒంటిగంట దాటిన ఐదు పది నిమిషాలకు చూసేది. ఒక్కరోజు తప్పేది కాదు.

ఆ నంబరుకు ఉన్న బొమ్మ తెరిచి చూశాను. నల్లద్దాలు, మెలేసిన మీసం, జేసీబీ బండికి చెయ్యి ఆనించి నిలబడ్డ పాతికేళ్ల మనిషి. బడి పిల్ల తండ్రిలా లేడు. రిజిస్టర్లన్నీ తిరగేశాను. ఆ నంబరు ఏ పిల్ల పేరు పక్కనా లేదు. బదిలీ అయిపోయిన లెక్కల సారుకు ఫోను చేస్తే "ఎవరో పేరెంటే అయ్యుంటరు మేడం, పరేషాన్ గాకండ్రి" అన్నాడు. పరేషాన్ కావద్దని ఎవరైనా అన్నారంటే నాకు కచ్చితంగా పరేషాన్ మొదలవుతుంది.

వేరే మండలంలో ఏదో బడిలో ఆడపిల్లల ఫొటోలు ఎవరో తీసి ఎక్కడో పెట్టారని అప్పుడే ఆటోలో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. నిజమో అబద్ధమో తెలియదు. అసలే అనుమానం ఉన్నదాన్ని, ఆ మాటతో నాకు అన్నం సయించలేదు. మా బళ్లో ఏడు నుంచి పది దాకా ఆడపిల్లలు సగానికి పైన ఉన్నారు. నేను తీసి పెడుతున్న ఫొటోల్లోంచి ఎవడో వాళ్లను రోజూ అన్నం వేళకు తీరికగా చూస్తున్నాడనుకుంటే ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది.

ముందు ఆ నంబరుకు మీరెవరు, ఏ పిల్లకు ఏమవుతారని విడిగా రాశాను. చూశాడు, జవాబివ్వలేదు. ఫోను చేశాను. వెనక ఏదో మిషను ధడధడమంటోంది.

"బళ్లెకెల్లి మాట్లాడ్తున్న. నువ్వు ఏ పిల్ల తండ్రివి?" అని గట్టిగా అడిగాను.

"నాకు పిల్లలేడున్నరమ్మ, పెండ్లే కాలే" అని నవ్వి, అతను ఫోను పెట్టేశాడు.

మాట మా దిక్కుదే. అది నన్ను ఇంకా బెదరగొట్టింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మర్నాటి నుంచి ఆడపిల్లలను వెనక్కి తిప్పి నిలబెట్టి ఫొటోలు తీశాను. రెండు వారాలు అలాగే నడిచింది. పెద్దసారు చూసి "ఇదేం ఫొటో మేడం, బడి మొత్తం మనతోని అలిగినట్టున్నది" అన్నారు. ముఖాలు లేకపోతే ఆ నంబరు చూడటం మానేస్తుందని నేను అనుకున్నాను. మానలేదు. రోజూ ఒంటిగంటకు ఆ వీపులను కూడా చూస్తూనే ఉంది. వీపులు చూసి ఏం చేసుకుంటాడు వీడు అనిపించి, ఇక ఆగలేకపోయాను. ఒక శనివారం స్టాఫ్‌రూములో కూర్చుని ఆ నంబరు మీద వేలు పెట్టాను. తీసేయాలా అని ఫోను అడిగింది. అవునన్నాను. అంతటితో ఊరుకోకుండా, అతను నాకు ఫోను చేయకుండా బ్లాక్ కూడా చేశాను.

ఆ రోజు ఎంత తృప్తిగా ఉందంటే, ఇంటికి పోతూ జడ్చర్లలో దిగి మిర్చి బజ్జీలు కొనుక్కుని తిన్నాను. సోమవారం పిల్లలను మళ్లీ ముందుకు తిప్పి ఫొటో తీశాను. పెద్దసారుకు జరిగింది చెబితే మంచి పని చేశారన్నారు.

పది రోజులు గడిచాయి. ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వయసుకు మించిన పొడవు. అందుకే ఎప్పుడూ వెనక వరసలో నిలబెట్టేవాళ్లం. మాట తక్కువ, చదవమంటే మాత్రం పాఠం గడగడా చదివేది. లైబ్రరీ బీరువాలో కథల పుస్తకాలు ఒక్కొక్కటీ ఇంటికి తీసుకుపోయేది. ఆ రోజు ఒక పుస్తకం తెచ్చి నా బల్లమీద పెట్టింది. సగానికి కొంచెం ముందు పేజీ మూల మడిచి ఉంది.

"అయిపోయిందా?" అన్నాను.

"కాలేదు టీచర్. మా అమ్మ వస్తాంది. నన్ను పూనకు తీస్కపోతదట. గందుకే ఇచ్చేస్తున్న."

నా బుర్ర అప్పుడు కూడా దాని దారిలోనే పోయింది. ఏడో తరగతి ఆడపిల్లను ఉన్నట్టుండి తీసుకుపోతున్నారంటే ఏదో సంబంధం చూసి ఉంటారు, ఈ పిల్ల అవ్వ లోపల ఏదో నడిపిస్తోంది అనుకున్నాను. సాయంత్రం బడి వదలగానే ఆ పిల్లను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాను. అవ్వను నిలదీసి, అవసరమైతే బెదిరిద్దామని దారంతా మాటలు కూర్చుకున్నాను.

అవ్వ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టి, పీట వేసింది. నేను కూర్చోలేదు. తలుపు పక్కన గోడమీద నా కన్ను పడింది. గోడంతా తెల్లగా సున్నం వేసి ఉంది. మధ్యలో జానెడు జాగా మాత్రం పాత గోడే. దానిమీద బొగ్గుతో పది అంకెలు. అవి నాకు కంఠతా వచ్చు. పది రోజుల కింద నేను తీసేసిన నంబరది.

"అవ్వా, గీ నంబరు ఎవలిది?" అన్నాను.

"గదా బిడ్డా, మా మేస్త్రి నంబరు. మొన్నటేడు మార్చిండు, మీ లెక్కల సారుకు పోరి రాసిచ్చింది. నా బిడ్డకు ఫోను లేదు గద. పొద్దుమాపు పని. పగటీలి బువ్వకాడ కూసున్నప్పుడు మేస్త్రి ఫోన్ల మీ బడి ఫొటోలు దీసి జూపిస్తడు. దీన్ని గా ఫొటోలల్ల జూస్కుంటది. గట్ల కనవడ్తదనే ఈడ ఉంచింది. లేకుంటే ఎప్పుడో తీస్కపోతుండె. ఇప్పుడు ఫొటోలు బందైనయంట. పక్కింటోళ్ల ఫోనుకు చేసింది. పిల్ల మంచిగున్నదే అంటే ఇనదు. వస్తున్న, తీస్కపోత అన్నది."

నేను అప్పుడు పీటమీద కూర్చున్నాను. అవ్వ చెంబుతో నీళ్లిచ్చింది. తాగాను. ఇన్నేళ్లలో నేను ఇంత తప్పు చేసిన గుర్తు లేదు. చేసిన తప్పు ఆ ముసలామెతో చెప్పే ధైర్యం కూడా రాలేదు. పిల్ల పక్కనే నిలబడి, కాలి బొటనవేలితో నేలమీద గీస్తోంది.

తల్లి మూడోనాడు బడికి వచ్చింది. పూనా బస్సు దిగి, ఇంట్లో మూట పెట్టి నేరుగా వచ్చినట్టుంది. చెప్పుల నిండా సిమెంటు. ముప్పై ఏళ్లు దాటి ఉండవు గానీ అరచేతులు ముసలివాళ్ల చేతుల్లా ఉన్నాయి. పెద్దసారు గదిలోకి పోకుండా వరండాలో నన్నే వెతుక్కుని వచ్చింది.

"టీచరమ్మా, టీసీ ఇయ్యి. బిడ్డను తీస్కపోత" అంది.

"ఎందుకమ్మా, మంచిగ చదువుతాంది."

"చదువుతదేమో. నాకు కనవడ్తలేదు. మొదాలు ముఖం పోయింది. అందర్ని ఎనకకు మర్లిచ్చి నిలవెట్టి తీస్తిరి. సరే అనుకున్న. ఎనకకెల్లి గూడ గుర్తువట్టిన. పోయేటప్పుడు లంగ అంచు మడత ఇప్పి పొడుగు జేసి పోయిన గద. ఆ పట్టీ ఎలిసిపోలే, కొత్త రంగే ఉన్నది. ఆ పట్టీ జూసి గిదే నా బిడ్డ అనుకుంటి. మోకాలు కాడికి వచ్చినట్టుంటే, జర పొడుగైందని సంబురపడ్తి. తర్వాత మొత్తానికే బందైంది."

"అవ్వ మంచిగున్నదని చెప్పలేదా?" అన్నాను.

"అవ్వ గట్లనే చెప్తది. పోయినేడు జెరమొచ్చి దవాఖానల ఏస్తే గూడ మంచిగున్నదనే చెప్పింది. కండ్ల జూసిందే నమ్మాలె నేను. మేస్త్రి నీకు నాలుగుసార్ల ఫోన్ జేసిండు, కలువలే. నువ్వు చేసినప్పుడు ఏ పిల్ల తండ్రివని అడిగితివంట. మిషను సప్పుడుకు బడి అన్న మాట ఇనవడక, ఎవలో ఫోన్ల మోసం జేసేటోళ్లు అనుకొని పెట్టేసిండు." నా ముఖంలోకి చూసింది. "మమ్ముల ఎందుకు తీసేసిండ్రు టీచరమ్మా?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. నీ మేస్త్రీని చూసి చెడ్డవాడనుకున్నాను, నిన్ను కనీసం ఊహించలేదు అని చెప్పాలి. తీరా నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"ఫోన్ల అప్‌డేట్ వచ్చిందమ్మా. గవి మారినప్పుడల్లా గిట్లనే అయితది. కొన్ని నంబర్లు వాటంతటవే పోయినయ్. మాకు గూడ ఎరుక కాలే. ఫోనేమో సిగ్నల్ లేక కలువలేదేమో."

ఎన్నో ఏళ్లు నన్ను సతాయించిన మార్పులవి. ఆ పూట మాత్రం నా తప్పు దాచుకోవడానికి పనికొచ్చాయి. ఆమె నన్నే చూసింది.

"గట్లనా" అంది. "మల్ల పోదు గద?"

"నేనున్నన్ని దినాలు పోదు."

ఆమె వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పిల్లను పిలవమంది. పిల్ల వచ్చాక మెడ, భుజాలు తడిమి చూసింది. జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, దారం నన్ను అడిగింది. కుట్టు క్లాసు బీరువాలోంచి తెచ్చిచ్చాను. పిల్లను ముందు నిలబెట్టుకుని లంగా అంచుకు మిగిలిన ఆఖరి మడత విప్పి, అక్కడే కుట్టింది. దారం పళ్లతో తెంపి, "ఇగ మడత లేదు. మల్ల పొట్టిగైతే కొత్తది ఇయ్యిండ్రి" అని నాతో అంది. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే ఒక్కతే వెళ్లిపోయింది.

అంతకుముందే, వరండాలో ఆమె ఎదురుగానే బ్లాకు తీసి, ఆ నంబరును మళ్లీ గ్రూపులో వేశాను. అప్‌డేట్ అన్న మాట నమ్మింది కదా అని గుండె తేలికపడింది. పాపం, చదువు లేని మనిషి, ఏది చెప్పినా నమ్ముతుంది అని ఆమె మీద జాలి కూడా పడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది.

ఆ పిల్లను ముందు వరసలోకి మార్చాను. వెనకున్నవాళ్లు కనిపించడం లేదని గొణిగితే కనిపించకపోతే ఏమైంది అని కసిరాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఫోను తీసి చూసేదాన్ని. ఆ నంబరు చూసినట్టు కనిపిస్తే అప్పుడు నా అన్నం డబ్బా తెరిచేదాన్ని. ఒకరోజు రెండైనా చూడలేదు. నాకు ముద్ద దిగలేదు. సాయంత్రం చూసినట్టు వచ్చింది, ఆ రోజు అక్కడ పని తెమలలేదేమో.

ఈలోపు ఫోనులో ఇంకా చాలా మారాయి. గ్రూపులన్నీ మూసేసి ఛానెల్ పెట్టుకోమని కొత్త పెద్దసారు చెప్పారు. ఛానెల్ అయితే ఎవరి నంబరూ ఎవరికీ కనిపించదు, గొడవ ఉండదు అన్నారు. ఎవరి నంబరూ కనిపించని చోట నేను పిల్లల ఫొటోలు పెడతానా? సెలవు కబుర్లు, పరీక్షల టైంటేబుళ్లు ఛానెల్లో పెట్టి, ఫొటోలు మాత్రం పాత గ్రూపులోనే పెట్టాను. ఎందుకు మూయలేదని అడిగితే, అవ్వలకు కొత్తది రాదు సార్ అన్నాను. అవ్వలకు పాతదీ రాదని ఆయనకు తెలియదు. అయితే నంబర్ల విషయంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ప్రతి నంబరు పక్కన అది ఎవరిది, ఎవరి ఫోను, ఎవరు చూస్తారు అని నోటుబుక్కులో రాశాను. దానికోసం ఊళ్లో ప్రతి గోడా తిరిగాను.

ఆ పిల్ల పదో తరగతి పాసైంది. జడ్చర్లలో కాలేజీలో సీటు, హాస్టలు దొరికాయి. జూన్‌లో గ్రూపును శుభ్రం చేయడం ఆనవాయితీ. చదువు అయిపోయినవాళ్ల నంబర్లు తీసేసి, కొత్త పిల్లలవి వేస్తాం. ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చి ఆ నంబరు దగ్గర ఆగాను. అడగకుండా తీయకూడదనిపించి ఫోను చేశాను. మేస్త్రీ ఎత్తి, ఈసారి గుర్తుపట్టి, నమస్తే చెప్పి ఆమెను పిలిచాడు.

"అమ్మా, బిడ్డ బడి అయిపోయింది గద. గ్రూపులకెల్లి నంబరు తియ్యాల్నని చేసిన. నీకు చెప్పి తీద్దామని" అన్నాను.

"తీయి టీచరమ్మా. ఇప్పుడు దానికే ఫోను కొనిచ్చిన. దినాం మాట్లాడ్తది."

అక్కడితో ఫోను పెట్టేయవచ్చు. మూడేళ్లుగా కడుపులో ఉన్నది ఆగలేదు.

"ఇంకో మాట. ఆనాడు అప్‌డేట్ అని చెప్పిన చూడు, గది అబద్ధం. నేనే తీసేసిన. ఎవడో పరాయోడు ఆడపిల్లల ఫొటోలు చూస్తున్నడనుకున్న. నీకు ఆనాడే చెప్పుండాలె. తప్పైంది."

మిషను చప్పుడు దూరమైంది, ఆమె పక్కకు జరిగినట్టుంది.

"ఎరుకే" అంది.

"ఎట్ల ఎరుక?"

"గ్రూపులనే రాసి వచ్చింది గద, ఫలానా నంబరోళ్లు మిమ్ముల తీసేసిండ్రని. దినాం ఫొటోలు వెట్టే నంబరే. మేస్త్రి చదివి చెప్పిండు. నీ కాడికి వచ్చేటప్పుడే నాకు ఎరుక."

తీసేసినవాళ్ల పేరు అవతలివాళ్లకు కనిపిస్తుందని నాకు తెలియదు. మారిందల్లా రాసుకున్న నా నోటుబుక్కులో ఆ ఒక్కటీ లేదు.

"మరి ఎందుకు ఊకున్నవమ్మా? అడుగకపోయినవా?"

"అడిగిన గద. నువ్వు అప్‌డేట్ అంటివి. మల్ల నేను కాదంటే లొల్లి అయితది. లొల్లి వెట్టుకొని బిడ్డను మల్ల నీ కాడనే ఇడిశి రావాలె. ఇంకెవలున్నరు? గందుకని నమ్మినట్టే ఉన్న." ఎవరో పిలుస్తుంటే ఆమె వస్తున్నానని చెప్పి, మళ్లీ ఫోనులోకి వచ్చింది. "మూడేండ్లు దినాం బువ్వకాడ బిడ్డను చూసుడు ఒకటి, నువ్వు మల్ల తీసేసినవో లేదో చూసుడు ఒకటి. ఇగ తీయి టీచరమ్మా, ఇప్పుడు ఫికర్ లేదు."